ఏనుగు బండికి మణెమ్మ కవర్లు

మా పెద్దమ్మ మణెమ్మ సీటును మోచేత్తో చూస్తుంది. కుట్టడం అయిపోయాక సీటు మీద మోచెయ్యి ఆనించి, ఒళ్లంతా దాని మీదికి వంచి, కళ్లు మూసుకుంటుంది. స్పాంజి ఎంత దిగింది, ఎంత తొందరగా పైకి లేచింది, అదంతా ఆమెకు అక్కడ తెలుస్తుంది. బాగుంటే "ఊఁ" అంటుంది. బాగలేకుంటే దబ్బనం తీసుకొని కుట్టంతా విప్పేస్తుంది. అంతేగానీ కూర్చొని మాత్రం చూడదు.

అది మా పెదనాయన జాషువా పెట్టిన కట్టుబాటు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే కొట్టాల పక్కన ఆయన సీటు కవర్ల అంగడి పెట్టినప్పటి నుంచి ఆ మాట మీదే ఉన్నాడు. బండిలో మొదట కూర్చోవాల్సింది బండి గలాయన, కుట్టేవాళ్లు ముందే కూర్చుంటే ఆయనకు వాడిన సీటు ఇచ్చినట్టు అవుతుంది అనేవాడు. ఆయన చనిపోయాక అంగడి పెద్దమ్మది అయింది. దాంతోపాటు కట్టుబాటు కూడా. నేను ఇంటర్ మధ్యలో మానేసి ఆమె దగ్గర రెండో మిషను తొక్కడానికి వచ్చినప్పుడు దారం ఎక్కించడం కంటే ముందు నాకు చెప్పింది అదే.

జీపులకు, ట్రాక్టర్లకు, ఆటోలకు, బడి పిల్లల బస్సులకు ఆమె సీట్లు కుట్టింది. మా ఊళ్లో ఎవరు ఎక్కడికి పోయినా సగం దూరం ఆమె కుట్టు మీదే పోయేవాళ్లు. ఆమె మాత్రం ఇంటికి పోయేటప్పుడు ఆటోలో డ్రైవరు పక్కన అంచు మీద, పైన ఇనుప కమ్మీ పట్టుకొని పోతుంది. ఆటో వాళ్లు "లోపల కూసో పెద్దమ్మా, నువ్వు కుట్టిందే గదా" అంటే, "అందుకే కూసోనప్పా" అంటుంది.

ఈమధ్య పని తగ్గింది. కార్లకు కంపెనీ నుంచే తోలు సీట్లు వస్తున్నాయి. కాకుంటే రెడీమేడ్ కవర్లు తెచ్చి తొడిగేస్తున్నారు. మాకు మిగిలింది ఆటోలు, ట్రాక్టర్లు. అట్లాంటి రోజుల్లో ఆ పెద్ద బండి మా వీధికి వచ్చింది.

అది వచ్చినప్పుడు పక్క కొట్టాల్లో ఉలుల చప్పుడు ఆగిపోయింది. నేరేడు పండు రంగు. ముందు భాగం మా అంగడి షట్టరంత వెడల్పు. అంత పెద్దది గుంతలో దిగి లేచినా లోపల కూర్చున్న వాళ్ల తలలు కదల్లేదు. వెనక వెండి అక్షరాలతో ఏదో పేరు ఉంది గానీ ఎవరికీ నోరు తిరగలేదు. వినాయకుడి తొండాన్ని నునుపు చేస్తున్న రజిని తల ఎత్తి, "ఏనుగొచ్చిందే మణెమ్మక్కా" అంది. ఆ పేరే ఖాయమైపోయింది.

డ్రైవరు దేవరాజు దిగి, బండి వెనక్కి పోయి, బంపరు కింద గాలిలోకి ఒక తన్ను తన్నాడు.

"ఏందప్పా, మీ ఓనరు జీతమియ్యలేదా? బండిని తంతాండావ్?" అంది రజిని.

"తన్నలేదక్కా. కాలు చూపిస్తే తలుపు తెరుస్తాది."

నిజంగానే వెనక తలుపు దానంతట అది పైకి లేచింది. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. ఇంకోసారి తన్నమని అడిగారు. దేవరాజు తన్నాడు, తలుపు మూసుకుంది. మళ్లీ తన్నాడు, తెరుచుకుంది. ఎంతసేపైనా అట్లాగే చేసేవాడేమో, లోపలి నుంచి ఓనరు దగ్గాడు.

ఓనరు వీరన్న. నంద్యాలలో విత్తనాల వ్యాపారం. ఆయన మొదటి జీపుకు, మొదటి ట్రాక్టరుకు సీట్లు కుట్టింది మా పెదనాయనే. అందుకే ఇంత బండి కొన్నా వెతుక్కుంటూ మా దగ్గరికే వచ్చాడు. ఆయన తలుపు తీయగానే కింద నుంచి ఒక మెట్టు బయటికి వచ్చింది. దాని మీద కాలు పెట్టి దిగాడు. మెట్టు లోపలికి పోయింది.

దేవరాజు చుట్టూ మూగినవాళ్లకు బండి గుణాలు చెబుతున్నాడు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. నిలబడిన చోటు నుంచి నూరు అందుకునే లోపల మనిషి తుమ్ము కూడా పూర్తి కాదంట. బండిని పైకి లేపుకోవచ్చు, కిందికి దించుకోవచ్చు. చుట్టూ కెమెరాలు. తెర మీద చూస్తే, పైన కాకి ఎగురుతూ చూసినట్టు బండి మొత్తం కనిపిస్తుంది.

"లీటరుకు ఎంతిస్తాదన్నా?" అని ఎవరో అడిగారు.

"మా ఓనరు ఈడనే ఉండాడు. ఆయన ముందర అది అడగొద్దు, మొగం మాడుతాది."

పెద్దమ్మ ఇంజను వైపు పోలేదు, తెర వైపు పోలేదు. నేరుగా సీట్ల దగ్గరికి పోయింది. మూడు వరసలు. మీగడ రంగు తోలు, పైన కంపెనీ ప్లాస్టిక్ ఇంకా అట్లాగే ఉంది. ఆమె ప్లాస్టిక్ మీంచే వేలితో తడిమి, "ఈ తోలుకు ఇన్ని సన్న బొక్కలేంది?" అని అడిగింది.

"అది లోపల నుంచి..." అని దేవరాజు మొదలుపెట్టాడు.

"డిజైనక్కా అదంతా" అన్నాడు వీరన్న మధ్యలో. "నాకు తోలు మాయగూడదు, అంతే. మా ఇంటికొచ్చేటోళ్ల సంగతి నీకు తెలుసు గదా. రేగడి కాళ్లు, నూనె తలకాయలు. మూడు వరసలకూ కవర్లు కుట్టు. ప్లాస్టిక్ మాత్రం తియ్యొద్దు, దాని మీదనే తొడుగు."

"ప్లాస్టిక్ ఎందుకన్నా, కవరుంటాది గదా?"

"కొత్త బండికి ప్లాస్టిక్ ఎవరైనా తీస్తారా?"

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు కూడా ప్లాస్టిక్ అట్లాగే ఉంది.

తర్వాత ఆయన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. బండి కొన్నది తన షోకు కోసం కాదు, తల్లి లక్ష్మీదేవమ్మ కోసం. ఆమె నడుము దెబ్బతిని రెండేళ్లు. ఏ బండిలోనూ కాసేపు కూడా కూర్చోలేదు. ఆమెకు ఉన్నది ఒక్క చెల్లెలు కమలాక్షమ్మ, ఆత్మకూరులో ఉంటుంది. ఆమె కూడా చేతిలో వాకరు లేకుండా నడవలేదు. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకొని రెండేళ్లయింది. ఫోన్లో మాట్లాడి, పెట్టేశాక ఇద్దరూ చెరొకచోట ఏడుస్తారు. హైదరాబాదులో షోరూములో ఈ సీట్లో కూర్చుంటే, అమ్మ దీంట్లో ఆత్మకూరు పోగలదు అని ఆయనకు అనిపించింది.

"అమ్మ కూర్చునే సీటు బాగా కుట్టక్కా. నడిమి వరసలో కుడి పక్క."

ఆ మాట పెద్దమ్మకు బాగా పట్టింది. ఆ వారమంతా ఆటోల పని నాకు వదిలేసి ఏనుగు మీదే కూర్చుంది. తప్పు, కూర్చోలేదు. నిలబడి, వంగి, మోకాళ్ల మీద పని చేసింది. మెరూన్ రంగు రెగ్జిన్ తెప్పించింది. అంచుకు బంగారు రంగు పైపింగు, పట్టుచీర అంచు మాదిరి. పెద్దామె లక్ష్మీదేవమ్మ నడుముకు కుదుపు తగలకూడదని ఆ సీటుకు మాత్రం గట్టి స్పాంజి రెండు పొరలు వేసింది. జీపులో పోయేవాళ్లకు గట్టి సీటే మేలు అని పెదనాయన నేర్పించాడు కదా. కవరు జారకుండా వీపు వెనక నుంచి కింద దాకా నాలుగు పట్టీలు లాగి కట్టింది. పక్క అంచులు కూడా బిగించి కుట్టింది. మోచెయ్యి ఆనించి చూసింది. "ఊఁ" అంది. ఎప్పటి కంటే పొడుగ్గా అంది.

వీరన్న వచ్చి చూసి, "పెండ్లి మంటపం మాదిరి ఉండాది గదక్కా" అని మురిసిపోయాడు. కొట్టాల వాళ్లంతా వచ్చి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఒక్క దేవరాజు మాత్రం పట్టీల వైపు చూసి గొణిగాడు. ఏందప్పా అంటే, "ఏం లేదు పెద్దమ్మా, ఓనరుకు నచ్చింది గదా, నాదేముంది" అన్నాడు.

తల్లిని వీరన్న ఆత్మకూరుకు తీసుకుపోతానన్న ఆదివారం, చర్చిలో పాటల మధ్య కూడా పెద్దమ్మ నా చెవిలో, "ఈ పాటికి వెలుగోడు చెరువు దాటింటారు" అంది.

దాటలేదు. మరుసటి రోజు వీరన్న ఫోన్ చేశాడు. గొంతులో పస లేదు.

"అక్కా, నంద్యాలకొచ్చి కవర్లు విప్పుకొని పో. బండి అమ్మేస్తాండా. కర్నూలోళ్లు మధ్యాన్నం చూసేకి వస్తారంట."

"ఏమైందన్నా?"

"అమ్మ దోవలో బండాత్మకూరు కాడనే వెనక్కి తిప్పించింది. పాత జీపే నయమనింది. షోరూములో బాగుండె, ఇప్పుడు బండి ఉత్తదైపోయింది. ఇంగ నేను యాడికీ రాను, నన్ను అడగొద్దండి అని పండుకుంది."

పెద్దమ్మ ఫోన్ పెట్టేసింది. తర్వాత కత్తెర, దబ్బనం సంచిలో వేసుకొని, "నడు" అంది. నంద్యాల బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆమె బయటికి చూడలేదు. ఆ బస్సు సీట్లు మేం కుట్టినవి కావు కాబట్టి కూర్చుంది.

మేం పోయేసరికి వీరన్న ఇంట్లో లేడు, గోడౌనుకు పోయాడు. ఏనుగు వాకిట్లో వేపచెట్టు కింద ఉంది. వసారాలో మంచం మీద లక్ష్మీదేవమ్మ ఒక పక్కకు ఒత్తిగిలి పడుకొని ఉంది. సన్నగా, తెల్లగా, ముక్కుకు రెండు పక్కలా ముక్కుపుడకలు. మమ్మల్ని చూడగానే, "ఆ సీటు కుట్టింది నువ్వేనా?" అంది.

"నేనేమ్మా."

"దాని మీద నువ్వు ఎప్పుడన్నా కూసున్నావా?"

పెద్దమ్మ చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. "లేదమ్మా. మేం కూసోము. మొదట బండి గలవాళ్లే కూసోవాల. అది మా ఇంటాయన పద్ధతి."

"మంచి పద్ధతే. నేను కూసున్నా గదా మొదట, ఇంగ నువ్వు కూసోవచ్చు. ఎక్కు."

"వద్దులేమ్మా..."

"ఎక్కుమంటాండా! మనిషి కూసునే సీటో కాదో నాకు నువ్వు చెప్పాల. మా వాడేమో బండి మీద అరుస్తాండాడు, నన్నేమో ముసల్దానివి, అలవాటు లేదంటాండాడు."

దేవరాజు నవ్వు ఆపుకుంటూ బండి తలుపు తీశాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. నేనేం చెప్తాను? ఆమె చెప్పులు కింద విడిచి, చర్చిలో మెట్టెక్కినట్టు నిదానంగా ఎక్కి, తను కుట్టిన సీటు మీద మొదటిసారి కూర్చుంది. కాసేపటికి ఆమె ముఖం మారింది. ఇటు జరిగింది, అటు జరిగింది.

"బండ మీద కూసున్నట్టుండాదే!" అంది.

"నేను చెప్తే ఎవరు విన్నారు?" అంది మంచం మీది నుంచి పెద్దామె.

"దేవరాజూ, ఈ సీటు వెనక్కి వంగుతాదా?"

"వంగేదే పెద్దమ్మా. పడక మాదిరి వంగుతాది. నువ్వు నాలుగు పట్టీలు లాగి కడితివి గదా, పాపం మోటారు మూలిగి మూలిగి ఊరకైపోయింది. ఈ పక్క అంచులో గాలి సంచి ఉంటాది, గుద్దుకున్నప్పుడు బయటికొచ్చి మనిషిని కాపాడేది. దానికీ కుట్టేసినావు."

"చెప్పొద్దూ నువ్వు?"

"చెప్పబోతిని. ఓనరు డిజైన్ అనె. నువ్వు ఊఁ అంటివి. మీ ఇద్దరి మధ్య నేనెవరు?"

పెద్దమ్మ దిగి దబ్బనం తీసింది. పట్టీలు తెంచింది, జిప్పు లాగింది, తను వారమంతా కుట్టిన కవరును నిమిషంలో ఊడబీకి నా చేతికిచ్చింది. కింద ప్లాస్టిక్ ఉంది. దాన్ని పట్టుకొని ఒక్కసారి ఆగింది. వీరన్న మాట గుర్తొచ్చి ఉంటుంది. తర్వాత దాన్ని కూడా చించేసింది.

"ఇప్పుడు కూసో" అంది లక్ష్మీదేవమ్మ. మంచం మీద లేచి కూర్చొని ఉంది.

దేవరాజు ఇంజను ఆడించి తెర మీద ఏదో నొక్కాడు. పెద్దమ్మ ఉలిక్కిపడింది.

"కింద నుంచి ఎవరో ఊదుతాండారే!"

"ఆ బొక్కలు దానికే పెద్దమ్మా. చల్లగాలి."

ఇంకోటి నొక్కాడు. పెద్దమ్మ ఒక్క కేక పెట్టి లేచింది. తల పైన అద్దాల కప్పుకు తగిలింది.

"దీంట్లో మనిషుండాడు రా! వీపు పిసుకుతాండాడు!"

లక్ష్మీదేవమ్మ పకపకా నవ్వింది. నవ్వితే నడుము నొచ్చింది, అయినా నవ్వింది. ఆమె నవ్వడం విని వంటింట్లో నుంచి పనామె కూడా బయటికి వచ్చింది. పెద్దమ్మ భయం భయంగా మళ్లీ ఆనుకుంది. సీటు నిదానంగా నడుము దగ్గర ఉబ్బింది, తగ్గింది, వీపు మీదికి పాకింది, మళ్లీ దిగింది. ఆమె కళ్లు మూసుకుంది. ఎన్నేళ్లుగా మిషను మీద వంగిన వీపు అది! ఎంతసేపు అట్లా ఉండిపోయిందో, దేవరాజు "పెద్దమ్మా, నిద్రపోయినావా?" అనేదాకా కదల్లేదు.

దిగి వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది.

"అమ్మా, తప్పు బండిది గాదు, నీ నడుముది గాదు. నాది. నేను దాని నోరు కట్టేసినా."

"నువ్వొక్కదానివే కడితివా? మా వాడు ప్లాస్టిక్ కట్టె, నువ్వు రెగ్జిన్ కడితివి. ఇద్దరూ నా నడుం మీదనే కట్టినారు."

"ఇప్పుడొకసారి కూసోమ్మా. నీ చెల్లెలి దగ్గరికి పోవచ్చు."

ఆమె నవ్వు అక్కడ ఆగిపోయింది. "వద్దు. నిన్న బండాత్మకూరు కాడ నాకు చుక్కలు కనపడినాయి. దిగేకి నలుగురు పట్టుకున్నారు. మళ్లీ ఆశ పెట్టుకోని మళ్లీ తిరిగి రావాల్నా? నా చెల్లెలు ఆడ వాకిట్లో కుర్చీ ఏసుకొని కూసుంటాది, నేను రాలేదని ఫోన్ చెయ్యాల. నా వల్ల గాదు."

"ఆత్మకూరు వద్దు. వీధి మొదలు దాకా. నేను పక్కన కూసుంటా. నొప్పనిపిస్తే ఆడనే దించుతా. నేనే ఎత్తుకొని తెస్తా."

లక్ష్మీదేవమ్మ పెద్దమ్మ భుజాల వైపు చూసింది. "నువ్వు తెస్తావులే" అంది.

దేవరాజు ఏదో నొక్కగానే, ఏనుగు మోకాళ్లు వంచినట్టు, బండి నాలుగు చక్రాల మీదా కిందికి దిగింది. మెట్టు బయటికి వచ్చింది. పెద్దామె ఒక కాలు పెట్టింది, పెద్దమ్మ వెనక నుంచి పట్టుకుంది, రెండో కాలు పెట్టింది. కూర్చుంది. పెద్దమ్మ ఎడమ పక్క సీటు కవరు, ప్లాస్టిక్ కూడా ఊడదీసి తనూ కూర్చుంది. నేను వెనక వరసలోకి పోయి, మెరూన్ కవర్లను ఒళ్లో పెట్టుకున్నాను.

వీధి ఇరుకు. ఆ పొడుగు బండి మలుపు ఎట్లా తిరుగుతుందా అని నేను చూస్తుంటే, వెనక చక్రాలు కూడా కాస్త తిరిగి, చిన్న కారు మాదిరి తిప్పుకుంది. వీధి మొదలు వచ్చింది. దేవరాజు ఆపాడు. ముగ్గురం పెద్దామె ముఖం చూశాం.

"రొంత ముందుకు పోనీ" అంది.

రొంత పోయాం. "ఆ మలుపు దాకా." మలుపు దాకా పోయాం. ఊరు దాటాం. పెద్దామె ఏమీ అనకపోయేసరికి దేవరాజు ఆత్మకూరు దారి పట్టాడు. రోడ్డు మీద సగం దాకా మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. గడ్డి ట్రాక్టరొకటి దారంతా ఆక్రమించి ఊగుతూ పోతోంది. కాస్త సందు దొరకగానే దేవరాజు కాలు నొక్కాడు. వీపులు సీట్లకు అతుక్కున్నాయి, ట్రాక్టరు వెనక్కి పోయింది. లోపల మాత్రం ఇంట్లో ఫ్యాను తిరిగినంత చప్పుడు కూడా లేదు. తెర మీద అంకె చూసి నేను గబుక్కున కళ్లు తిప్పుకున్నాను.

ఇంకాస్త దూరంలో ఒక బర్రె తీరిగ్గా రోడ్డెక్కింది. దేవరాజు చూసేలోపల బండే కూత పెట్టి, తనే బ్రేకు పట్టుకుంది.

"దేవరాజూ, నువ్వు నిద్రపోయినా ఇది మేలుకోనే ఉంటాదే" అంది పెద్దామె.

"నా ఉద్యోగం దీనికే ఇచ్చేట్టుండావే అవ్వా!"

బండాత్మకూరు వచ్చింది. ముందు రోజు వెనక్కి తిరిగిన చోటు. లక్ష్మీదేవమ్మ కళ్లు మూసుకుంది. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. దేవరాజు అద్దంలో చూస్తూ వేగం తగ్గించాడు. నా చేతిలో కవరు పైపింగు నలిగిపోయింది.

"ఏంటికి నిదానం చేస్తివి?" అంది పెద్దామె, కళ్లు తెరవకుండానే. "దీని పిసుకుడు మంచి తావులో ఉండాది, ఆపొద్దు. పోనీ."

వర్షాలకు రోడ్డు చెడిపోయిన చోట బండి కాస్త పైకి లేచి, పడవ మాదిరి దాటేసింది. నల్లమల కొండలు దగ్గరికి వచ్చాయి. వెలుగోడు చెరువు నీళ్లు కనిపించగానే పెద్దామె చిన్నపిల్ల మాదిరి అద్దానికి ముక్కు ఆనించింది. అప్పుడే దేవరాజు ఫోన్ మోగింది, తెర మీద నొక్కగానే బండి లోపలంతా ఒక గొంతు వినిపించింది.

"దేవరాజూ! బండి యాడుండాది? కర్నూలోళ్లు వచ్చి కూసున్నారు!"

లక్ష్మీదేవమ్మ కప్పు వైపు చూసింది. "ఏం రా వీరన్నా, పైన కూసున్నావా ఏంది?"

"అమ్మా? నువ్వు... నువ్వు బండిలో ఉండావా?"

"వెలుగోడు దాటినా."

"నడుం ఎట్లుందిమ్మా?" గొంతు మారిపోయింది.

"నడుం సంగతి నేను చూసుకుంటా. నువ్వు వాళ్లకు కాఫీ ఇచ్చి పంపీ."

"వాళ్లకు మాటిచ్చినామ్మా..."

"నేను నా చెల్లెలికి మాటిచ్చి రెండేండ్లాయె. దేవరాజూ, వీన్ని ఆపెయ్."

దేవరాజు భయపడుతూనే ఫోన్ ఆపేశాడు.

ఆత్మకూరులో కమలాక్షమ్మ ఇంటికి ఎత్తు మెట్లు, నాపరాళ్లతో కట్టినవి. ఆమె వాకరు పట్టుకొని గడప దాకా వచ్చి నిలబడింది. అక్కను చూసి ఏడుస్తుందనుకున్నాను. కోపంగా చూసింది.

"రెండేండ్లకొచ్చి బండిలోనే కూసుంటివా? లోపలికి రావా?"

"నీ మెట్లు చూసి మాట్లాడు. కోట కట్టినట్టు కట్టిచ్చినావు."

"కట్టించింది నా మొగుడు. పైకి పోయి ఆయన్ను అడుగు."

"ఇప్పుడిప్పుడే పోనులే. నువ్వు రా ఈడికి."

ఆమె కోడలు, మా పెద్దమ్మ చెరొక పక్క పట్టుకొని దించారు. బండి మళ్లీ వంగింది. కమలాక్షమ్మ ఎక్కి అక్క పక్కన కూర్చుంది. దేవరాజు ఏదో నొక్కాడు. ఆమె ముందుకు వంగి వెనక్కి చూసి, "ఎవరే, వెనక ఎవరో నొక్కుతాండారు!" అంది. లక్ష్మీదేవమ్మ, అన్నీ తెలిసినదాని మాదిరి, "గమ్మున ఆనుకో. మొదట అట్లనే ఉంటాది" అంది. ఇద్దరి చేతులూ మధ్యలో కలిశాయి. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. సీట్లు పిసుకుతూనే ఉన్నాయి కాబట్టి ఏడుపు కూడా ఊగుతూ వచ్చింది. దాంతో నవ్వొచ్చింది.

కోడలు బండిలోకే అలసంద వడలు, ఎర్రకారం తెచ్చిచ్చింది. ఇద్దరూ చిన్ననాటి సంగతులన్నీ తవ్వుకుంటూ తిన్నారు. ఏదో ఒక గాజుల జత ఎవరిదో ఇప్పటికీ తేలలేదంట. ఆ మాటలో కమలాక్షమ్మ చెయ్యి ఊపింది. ఎర్రకారం చుక్క వచ్చి మీగడ రంగు తోలు మీద పడింది.

పెద్దమ్మ చీర కొంగుతో గబగబా తుడిచింది. కారం పోయింది, నూనె మచ్చ నిలబడింది. దేవరాజు ఓనరును తలచుకొని తల పట్టుకున్నాడు.

"ఉండనీలే" అంది లక్ష్మీదేవమ్మ. "ఈమె వచ్చిన గుర్తు."

బయలుదేరే వేళ అయింది. కమలాక్షమ్మ మాత్రం దిగలేదు. కోడల్ని పిలిచి, "నా మాత్రలు, రెండు చీరలు కవర్లో పెట్టివ్వు. నేను నంద్యాల పోతాండా" అంది.

"ఇప్పుడేనా అత్తా?"

"ఇప్పుడు దిగితే మళ్లీ ఎక్కించేకి ఎవరుండారు?"

దేవరాజు బండి వెనక గాలిని తన్ని వాకరు లోపల పెట్టాడు. పెద్దమ్మ వెనక వరసలోకి, నా పక్కకు వచ్చింది. ఆ వరసలో కూడా కాళ్లు చాపుకునేంత చోటు. వెలుగోడు రాకముందే అక్కచెల్లెళ్లిద్దరూ నిద్రపోయారు. ఒకరు గురక పెడితే ఇంకొకరు అందుకున్నారు. పెద్దమ్మ నా ఒళ్లోని మెరూన్ కవర్ల కుట్టు వైపు చూస్తూ, "కుట్టు మాత్రం బాగుండాది" అని నా చెవిలో అంది. నాకు నవ్వు ఆగలేదు.

నంద్యాల చేరేసరికి ఎండ వాలింది. గేటు దగ్గర వీరన్న నిలబడి ఉన్నాడు. కర్నూలు వాళ్లు వెళ్లిపోయారు. అరవడానికే నిలబడ్డాడని ముఖం చూస్తే తెలుస్తోంది. తలుపు తెరుచుకుంది. తల్లి పక్కన పిన్నమ్మ కనిపించేసరికి ఆయన తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది.

"ఏం రా వీరన్నా, మమ్మల్ని దించుతావా, ఈడనే పండుకోవాల్నా?" అంది కమలాక్షమ్మ.

ఆయన ఇద్దరినీ దించాడు. ఒకరి తర్వాత ఒకరిని పట్టుకొని వసారా దాకా నడిపించాడు. ఎవరినీ నలుగురు పట్టుకోవాల్సిన పని పడలేదు. తిరిగి వచ్చి మీగడ రంగు తోలు మీద నూనె మచ్చ చూశాడు. వంగి దగ్గరగా చూశాడు. మేమిద్దరం కవర్లు పట్టుకొని నిలబడి ఉన్నాం.

"అక్కా" అన్నాడు. అంతే, ముందు సీటు వైపు పోయాడు. దానికి మెరూన్ కవరు ఇంకా ఉంది. జిప్పు ఎక్కడుందో వెతుక్కొని తనే లాగాడు. కింది ప్లాస్టిక్‌ను రెండు చేతులా పట్టుకొని, వసారాలో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూసేటట్టు, పరపరా చించేశాడు.